ఏడుపు వినబడని వార్డు

కనకరత్నం రాకముందు, ఆ ఆసుపత్రిలో పిల్లలకి ఆపరేషన్లు జరిగే రోజేదో ఎవరినీ అడిగి తెలుసుకోనక్కర్లేకపోయేది. సైకిల్ స్టాండు దగ్గరికే వినబడేది. అటెండరు వచ్చి మంచం మీది పిల్లవాణ్ణి బియ్యం బస్తాలాగా భుజాన వేసుకునేవాడు. ఆ పిల్లవాడు దారిలో దొరికిన కిటికీ చువ్వనీ, తలుపు రెక్కనీ, ఎదురొచ్చిన నర్సు కొంగునీ పట్టుకుని వేలాడేవాడు. వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి తీసుకుపోయేవారు. అక్కడ నలుగురు నాలుగు పక్కలా అదిమి పట్టుకుంటే మొహం మీద ఈథర్ గుడ్డ వేసేవారు. వాడు మత్తులోకి జారింది మందు వల్లో, అరిచి అరిచి సొమ్మసిల్లడం వల్లో ఆ దేవుడికే తెలియాలి. ఇదంతా చూసి ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పిల్లలన్నాక ఏడవరా అనేవారు.

రేకుల కప్పు ఆసుపత్రి అది. భిలాయి ఉక్కు కర్మాగారం కట్టడానికి వచ్చిన కాంట్రాక్టు కూలీల కోసం మొదట గుడారంలో పెట్టారు. తరువాత గోడలు లేపారు. పైకప్పు దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయి రేకులు పరిచేశారు. ఎండాకాలం రోగులకి జ్వరం లేకపోయినా ఉన్నట్టే ఉండేది. అలాంటి చోటికి విశాఖపట్నంలో నర్సు చదువు చదివి, ఇస్త్రీ మడత నలగని తెల్ల చీర కట్టుకుని, లేడీస్ సైకిలు తొక్కుకుంటూ వచ్చింది కనకరత్నం.

ఆవిడ తండ్రి సత్యారావు రైలింజను డ్రైవరు. విజయనగరం రైల్వే క్వార్టర్లలో ఇల్లు. ఆదివారం ప్రార్థనకి వెళ్ళే కుటుంబమే గానీ పక్కింటి వాళ్ళ అమ్మవారి పండగకి ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, భోజనం వాళ్ళింట్లోనే. సత్యారావుకి ఒకటే గర్వం. తన బండి స్టేషను వదిలినట్టు పడుకున్న పాసింజరుకి తెలియకూడదనేవాడు. కుదుపుతో బండి తీసే డ్రైవర్లని ఆయన మనుషుల్లో కలిపేవాడు కాదు. భిలాయి-3 యార్డుకి బదిలీ అయివచ్చాక అక్కడి గుమస్తా గురునాథరావుకి కూతుర్నిచ్చి పెళ్ళిచేశాడు. ఆ గర్వం కూడా అరణంలో వచ్చిందని గురునాథరావు వేళాకోళం చేసేవాడు.

పిల్లల్ని అలా ఈడ్చుకుపోవడం కనకరత్నానికి మింగుడు పడలేదు. పడకపోయినా స్టాఫ్ నర్సు చేయగలిగింది ఏముంది? ఆ సమయానికి డాక్టర్ లక్ష్మీకుమారి వచ్చింది. మత్తు ఇవ్వడంలోనే ప్రత్యేకంగా చదువుకున్న మనిషి, మాట తక్కువ. మొదటి ఆపరేషన్ రోజు నలుగురు పట్టుకున్న పిల్లవాణ్ణి చూసి ఆవిడ మొహం పాలిపోయింది. సాయంత్రం కనకరత్నాన్ని పిలిచి ఒక సీసా చూపించింది.

"ఇది నిద్రమందు. ఆపరేషన్‌కి ముందు వార్డులోనే, తల్లి ఒళ్లోనే తాగించాలి. బిడ్డ బరువు చూసి ఎంత పొయ్యాలో నేను చెప్తాను. మగతగా ఉన్నప్పుడు తీసుకొస్తే ఈథర్ కూడా తక్కువ పడుతుంది. తాగించడం మాత్రం నా వల్ల కాదు. నాకు పిల్లల్ని బుజ్జగించడం రాదు."

"నాకూ రాదండీ. కానీ తాగిస్తాను," అంది కనకరత్నం.

నిజంగానే ఆవిడ బుజ్జగించేది కాదు. పంచదార నీళ్ళని చెప్పేది కాదు, బొమ్మ కొనిపెడతాననేది కాదు. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది.

"ఇది చేదుగా ఉంటాది. తాగితే నిద్రొస్తాది. నువ్వు నిద్దర్లో ఉండగా డాక్టరుగారు బాగుచేస్తారు. లేచేసరికి నొప్పుంటాది. నేనూ ఉంటాను."

పిల్లలు ఆవిడ మొహంలోకి చూసేవారు. అంతకుముందు ఎవరూ వాళ్ళకి చేదని చెప్పి చేదు ఇవ్వలేదు. నోరు తెరిచేవారు. ఆ తరువాత వార్డంతా ఆవిడ రాజ్యం. కిటికీలకి దుప్పట్లు కట్టాలి. ఊడ్చేవాడు బకెట్టు చప్పుడు చెయ్యకూడదు. బంధువులు బయటికి పోవాలి. కళ్ళు వాలి, మెడ బరువెక్కి, ఒళ్ళు మెత్తబడ్డాక, అటెండరు చేతికి ఇవ్వకుండా తనే ఎత్తుకుని థియేటర్‌కి తీసుకెళ్ళేది. నెల తిరిగేసరికి సైకిల్ స్టాండు దగ్గర ఏమీ వినబడటం మానేసింది. సర్జను పార్థసారథిగారు మొదట ఇదంతా సోకులన్నారు. పిల్లవాడు కదలకుండా పడుకుంటే కత్తి ఎంత సుఖంగా నడుస్తుందో చూశాక సోకులన్న మాట వెనక్కి తీసుకోలేదు గానీ మళ్ళీ అనలేదు.

కనకరత్నం ఊరుకుందా? ప్రార్థన దగ్గర చెప్పింది, బజార్లో చెప్పింది, భిలాయి-3 స్టేషన్లో నీళ్ళకుండీ దగ్గర చెప్పింది. "మా వార్డులోంచి ఏ పిల్లా ఏడుస్తూ వెళ్ళదు." గర్వమే మరి. చేతనైన పని చేతనైనట్టు చేసిన మనిషికి ఆ మాత్రం లేకపోతే ఎలా? ఊళ్ళో పిల్లలందరినీ నిద్రపుచ్చి ఇంటికొచ్చి ఆ కబుర్లతో నాకు నిద్ర లేకుండా చేస్తోందని గురునాథరావు గోల పెట్టేవాడు.

అయితే ఆ నిశ్శబ్దం గోడకి అవతల ఉన్నవాళ్ళకి ఎలా వినబడుతుందో ఆవిడ ఆలోచించలేదు.

అరవై నాలుగో, అరవై అయిదో. ఉక్కు కర్మాగారంలో ఇంకో కొత్త ఫర్నేసు లేస్తోంది. ఎక్కడైనా పెద్ద కట్టడం లేస్తే దాని పక్కనే ఒక పుకారు కూడా లేస్తుంది, అది మన దేశంలో ఆనవాయితీ. వంతెనకి బలి కావాలంటారు, ఆనకట్టకి బలి కావాలంటారు. ఇక్కడ ఫర్నేసుకి కావాలన్నారు. చిన్నపిల్లలైతే మంచిదన్నారు. పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. కూలీల కుటుంబాలుండే క్యాంప్ 1 సందుల్లో ఆ మాటకి అంత దూరం కూడా పోవలసిన పని లేకపోయింది. ఇల్లూ ఇల్లూ అంటుకునే ఉండేవి. రేకుల ఆసుపత్రిలో పిల్లలకి ఏదో తాగిస్తున్నారట, ఇదివరకు ఏడ్చే పిల్లలు ఇప్పుడు కిక్కురుమనడం లేదట, ఒక నర్సు ఎత్తుకుని లోపలికి పోతోందట. లోపలికి పోయిన పిల్లలందరూ కుట్లతో తిరిగొచ్చి ఆ సందుల్లోనే గోళీలాడుతున్నారన్న సంగతి ఎవరికీ గుర్తురాలేదు.

ఆ రోజుల్లోనే చిన్నమ్మలు తన కొడుకుని తీసుకొచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. మొగుడు సూర్యారావు ఆ కొత్త ఫర్నేసు మీదే ఇనప దూలాలు ఎక్కించే పని చేస్తున్నాడు. కొడుకు అప్పలకొండకి అయిదేళ్ళు. మూత్రపు సంచిలో రాయి. ఒంటేలుకి కూర్చున్నప్పుడల్లా గుక్కపట్టి ఏడ్చేవాడు. బొట్లుబొట్లుగా వచ్చేది, ఒక్కోసారి రక్తం కలిసి. నీళ్ళు తాగితే ఒంటేలొస్తుందని నీళ్ళు తాగడం మానేశాడు. పెదాలు పగిలిపోయాయి. పార్థసారథిగారు పొట్ట తడిమి, ఫోటో తీయించి, ఇంకా ఆలస్యమైతే మూత్రం పూర్తిగా బందైపోతుందని, అప్పుడు ప్రాణం మీదికొస్తుందని తేల్చి చెప్పారు.

ఆపరేషన్ రోజు పొద్దున్న కనకరత్నం స్టూలు వేసుకుని కూర్చుంది.

"చేదేటి?" అన్నాడు అప్పలకొండ.

"చేదే."

"లెగిసినాక ఒంటేలు మంటెడతాదేటి?"

"కొన్నాళ్ళు పెడతాది. తరవాత పెట్టదు."

వాడు కాసేపు ఆలోచించి నోరు తెరిచాడు. చిన్నమ్మలు ఒళ్లో పడుకున్నాడు. కళ్ళు మూతలు పడటం మొదలయ్యాక, లోపల అంతా సిద్ధంగా ఉందో లేదో చూసి రావడానికి కనకరత్నం థియేటర్‌కి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే చిన్నమ్మలు అత్తగారు నూకమ్మ వార్డులోకి వచ్చింది.

మనవడి మీద ప్రాణం పెట్టుకున్న ముసలమ్మ. వాడికి ఏ కీడూ తగలకుండా ఉండాలని, పొద్దున్నే తలంటుకుని ఇంట్లో అమ్మవారి పటం ముందు పెట్టిన పసుపునీళ్ళు చెంబుతో తెచ్చింది. రెండు వేపరెబ్బలు ముంచి వాడి నెత్తిన చల్లింది. సగం నిద్రలో ఉన్న పిల్లవాడికి చల్లటి చుక్కలు మెడమీద పడేసరికి ఒళ్ళు జలదరించింది. తల అటూ ఇటూ విదిలించాడు.

నూకమ్మ చేతిలోని వేపరెబ్బలు జారిపోయాయి.

ఎందుకంటే ఆవిడ ఊళ్ళో అమ్మవారి పండగలో మేకని నిలబెట్టి పసుపునీళ్ళు చల్లుతారు. మేక తల విదిలించేదాకా కత్తి ఎత్తరు. విదిలిస్తే ఒప్పుకున్నట్టు. ఆ తరువాత దాన్ని ఎవరూ ఆపలేరు. మందు తాగించిన పిల్లవాడు, కట్టేసిన కిటికీలు, చప్పుడు లేని వార్డు, ఇప్పుడు ఈ తల విదిలింపు. ముసలమ్మకి ఇంకేం కావాలి?

"ఓలమ్మో, ఒప్పీసుకున్నాడే! లెగే చిన్నమ్మలూ, గుంటణ్ణి ఎత్తు! ఎల్లిపోదాం లెగే!"

కనకరత్నం తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. నేల మీద పసుపు మరకలు, వేపరెబ్బలు. పక్క మంచం మీది మనిషి వెనక తలుపు వైపు చూపించింది.

ఆవిడకి భయం వేసింది. ఆపరేషన్ తప్పిపోయిందని కాదు. మందు తాగి మగతలో ఉన్న బిడ్డని కంటికి రెప్పలా కాచుకోవాలి. మెడ వాలిపోతే ఊపిరి అందదు. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఇంటికి వెళ్ళాక వాడు లేవకపోతే లేపడానికి వాళ్ళు నోట్లో ఏదో ఒకటి పోస్తారు. మింగడం తెలియని స్థితిలో పోసింది పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లక్ష్మీకుమారికి ఒక్క ముక్క చెప్పి, ఆసుపత్రి బండి వెనకే పంపమని, సైకిలెక్కింది.

మండుటెండ. తెల్ల చీర బొడ్లో దోపుకుని క్యాంప్ 1 సందుల్లోకి దూసుకొచ్చిన నర్సుని చూసి కుళాయి దగ్గర ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు బిందెలు దించేశారు. "కా హోగే దీదీ?" అని, ఏమైందన్నట్టు, ఒకామె అడిగింది. సూర్యారావు ఇల్లెక్కడని అడిగితే, గుంపు కనబడటం లేదా అన్నట్టు చెయ్యి చాపింది.

గుంపుని తోసుకుని లోపలికి వెళ్ళింది. అప్పలకొండ చాప మీద వెల్లకిలా ఉన్నాడు. ఒకామె చెంపలు కొడుతోంది. చిన్నమ్మలు వాడి కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. నూకమ్మ వాడి దవడలు నొక్కి, నోరు తెరిచి, గంజి గ్లాసు వంచబోతోంది.

"గ్లాసు దింపు!"

వార్డులో బకెట్టు చప్పుడుకి కూడా విసుక్కునే మనిషి వేసిన కేక అది. రేకులు అదిరాయి. నూకమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. కనకరత్నం నేలమీద చతికిలబడి పిల్లవాణ్ణి పక్కకి తిప్పి, గడ్డం కింద చెయ్యి పెట్టి తల కాస్త పైకెత్తింది. గురక లాంటి చప్పుడు ఆగి ఊపిరి సాఫీగా ఆడింది. 

"ఈవిడే. మందెట్టీది ఈవిడే," అని గుమ్మం దగ్గర ఎవరో అన్నారు. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. ఒకామె తలుపు మూసేసింది.

"ఔను, నేనే," అంది కనకరత్నం, గడ్డం కింది చెయ్యి తియ్యకుండా. "ఏటైంది మామ్మా? ఎందుకు తెచ్చీసేరు?"

నూకమ్మ చెప్పింది. చెంబు చూపిస్తూ, మేక సంగతంతా చెప్పింది. వేరే ఎవరైనా అయితే నవ్వేవారు, లేకపోతే మూఢనమ్మకమని ఉపన్యాసం మొదలుపెట్టేవారు. కనకరత్నం చిన్నప్పుడు పక్కింటివాళ్ళతో పండక్కి వెళ్ళి ఆ మేకని చూసిన మనిషి. అది తల విదిలించేదాకా జనం ఎలా ఊపిరి బిగబట్టుకుంటారో ఆవిడకి తెలుసు.

"ఆ చెంబులో నీళ్ళు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"నా మెడ మీద చల్లు."

"నీకెందుకమ్మా?"

"చల్లు మామ్మా."

నూకమ్మ చల్లింది. ఎండలో సైకిలు తొక్కి కాగిపోయిన ఒంటి మీద చెంబులోని నీళ్ళు పడేసరికి కనకరత్నం ఆపాదమస్తకం జలదరించి తల విదిలించింది.

"ఇదిగో, నేనూ ఒప్పీసుకున్నాను. పదండి, తోసీండి ఫర్నేసులో. వీణ్ణి మాత్రం ఎవరైనా ఇలాగ గడ్డం పట్టుకుని కూకోండి."

గుమ్మం దగ్గర ఒకామె కిసుక్కుమంది. ఇంకొకామె కొంగు అడ్డం పెట్టుకుంది. నూకమ్మ చెంబులోకి చూసి, తన చేతిమీద రెండు చుక్కలు వేసుకుని చూసుకుంది. తలుపు ఎవరు తీశారో గానీ కాస్త గాలి వచ్చింది.

చిన్నమ్మలు మాత్రం నవ్వలేదు.

"మేక మాట మా అత్తది సిస్టరమ్మా. నా బయం అది కాదు," అంది. "మా పక్కింటి గుంటకి నిరుడు గొంతులో గెడ్డ తీసినారు. ఆ గుంట లోన ఏడస్తా ఉంటే మేం గోడవతల కూకున్నాం. ఏడుపు ఇనబడతన్నంతసేపూ బతికున్నాదని దైర్నం. ఇప్పుడు ఏటీ ఇనబడదు. తలుపేసీసినాక మా పిల్లడు ఉన్నాడో నేడో మాకెలగ తెలస్తాది?"

 కనకరత్నం ఊరంతా చాటుకున్న గొప్ప పని ఆ నిశ్శబ్దమే. పిల్లలు ఏడవకూడదనుకుంది, ఏడవలేదు. కానీ గోడవతల కూర్చున్న తల్లికి ఆ ఏడుపొక్కటే ఆధారమని, దాన్ని తీసేసి బదులుగా తను ఏమీ ఇవ్వలేదని ఇప్పుడు తెలిసింది. సిగ్గనిపించింది. అంతలోనే అందులో పిల్లవాడి తప్పేముందని కోపమూ వచ్చింది.

"నీ చెయ్యి ఇలా ఇయ్యి."

చిన్నమ్మలు అరచేతిని పట్టుకుని అప్పలకొండ ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చగా తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. చిన్నమ్మలు ఆ చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రి బండి వచ్చి సందు మొదట్లో ఆగినా, లక్ష్మీకుమారి వచ్చి పిల్లవాడి నాడి చూసి ఫరవాలేదని గోడకి ఆనుకుని కూర్చున్నా తియ్యలేదు. ఎండ గుమ్మం దాటేదాకా అలాగే ఉంది. అప్పుడు అప్పలకొండ కళ్ళు తెరిచి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, "అమ్మా, ఆకలేస్తంది," అన్నాడు. సందంతా ఒక్కసారి మాట్లాడింది. కాసేపటికి వాడు ఒంటేలుకి పోయి ఎప్పటిలాగే గుక్కపెట్టాడు. 

"తీసుకొస్తాను," అంది చిన్నమ్మలు. "ఆ మందొకటీ ఒద్దు. ఏడుస్తాడు, ఏడవనీ. నాను ఇంటాను."

ఊఁ అంటే సరిపోయేది. పిల్లవాడు ఆసుపత్రికి వచ్చేవాడు, రాయి పోయేది. కనకరత్నానికి ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ పొద్దున్న చేదేటి అని అడిగి నోరు తెరిచినవాణ్ణి రేపు నలుగురి చేత అదిమి పట్టించలేకపోయింది.

"నువ్వు వినడానికి వాణ్ణి ఏడిపించలేనమ్మా," అంది. "నువ్వే ఎత్తుకురా. థియేటర్ తలుపు దాకా నీ చెయ్యి వాడి ముక్కు దగ్గరే ఉండనీ. అక్కడ నీ చెయ్యి తీసిన చోట నా చెయ్యి పెడతాను. మళ్ళీ నీకిచ్చేదాకా తియ్యను."

చిన్నమ్మలు కొడుకు పెదాలు కొంగుతో తుడిచింది.

ఆసుపత్రిలో పార్థసారథిగారు నిప్పులు చెరుగుతున్నారు. "సిరప్ ఆపెయ్. ఇదివరకు ఏడ్చేవారే గానీ ఎవరూ పారిపోలేదు. పైగా క్యాంపు దుమ్ము కాళ్ళతో తల్లులు నా థియేటర్ తలుపు దాకానా?"

"దుమ్ము కాళ్ళు కడిగిస్తాను సార్."

"వాళ్ళు రాకపోతే?"

"రాకపోతే మీరన్నట్టే సిరప్ ఆపీద్దురు గాని," అనేసింది కనకరత్నం. అన్నాక నాలిక కరుచుకుంది. లక్ష్మీకుమారి ఆవిడ వైపు ఒక్క చూపు చూసి, మందు మోతాదు బాధ్యత నాది, ఇంకొక్కసారి చూద్దాం సార్ అంది. వచ్చే ఆపరేషన్ రోజు దాకా పార్థసారథిగారు గడువిచ్చారు.

ఆ మధ్య రోజుల్లో కనకరత్నం ప్రార్థన దగ్గర ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. నీళ్ళకుండీ దగ్గరా చెప్పలేదు. ఇల్లు ఇంత నెమ్మదిగా ఉంటే తనకి నిద్ర పట్టడం లేదని గురునాథరావు అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అప్పలకొండకి మూత్రం బందైపోతే ఏమవుతుందో తెలిసిన మనిషికి నవ్వెలా వస్తుంది? క్యాంప్ 1కి వెళ్ళి బతిమాలదామని రెండుసార్లు సైకిలు తీసి మళ్ళీ పెట్టేసింది. బతిమాలితే ఆ ముసలమ్మకి అనుమానం తిరిగి మొలుస్తుందని భయం.

ఆపరేషన్ రోజు వచ్చింది. ముందు ఒక పిల్లకి కాలికున్న ఆరో వేలు, తరువాత ఒక పిల్లవాడికి వరిబీజం. అప్పలకొండ మంచం ఖాళీగానే ఉంది. ఎండ పైకెక్కాక వెనక తలుపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు. ఒకరిద్దరివి కాదు. సందు సందంతా వచ్చింది. ముందు చిన్నమ్మలు, భుజం మీద కొడుకు, వెనక నూకమ్మ, ఆ వెనక తలుపు మూసినావిడా, కిసుక్కుమన్నావిడా అందరూ.

"ఏటీ తాగించలేదు, ఏటీ ఎట్టలేదు. ఒట్టి కడుపుతో తెచ్చినాను," అంది చిన్నమ్మలు. "ఆ సెంచా నాకియ్యి. నాను పోస్తాను."

"చేదే కదేటి?" అన్నాడు అప్పలకొండ.

"సేదేరా నాయినా," అంది తల్లి.

కళ్ళు వాలాక ఆ వసారా పొడుగునా చిన్నమ్మలే వాణ్ణి ఎత్తుకుని నడిచింది. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి ముక్కు దగ్గర. పక్కనే కనకరత్నం. వెనక ఆడవాళ్ళు, ఒక్క గాజు కూడా చప్పుడు కాకుండా. తలుపు దగ్గర ఆగారు. లోపల పార్థసారథిగారు చేతులు కడుక్కుని పైకెత్తి నిలబడి ఉన్నారు. కనకరత్నం తన అరచెయ్యి చాపింది.

చిన్నమ్మలు చెయ్యి తియ్యలేదు. కనకరత్నం తొందర పెట్టలేదు. పార్థసారథిగారు నోరు తెరవబోయి లక్ష్మీకుమారి మొహం చూసి ఊరుకున్నారు. కొంతసేపటికి చిన్నమ్మలు వేళ్ళు కదిలాయి. ఆ వేళ్ళు తీసిన చోటికి కనకరత్నం అరచెయ్యి వెళ్ళింది.

"తియ్యకు," అంది చిన్నమ్మలు.

"తియ్యను."

తియ్యలేదు. లక్ష్మీకుమారి ఈథర్ చుక్కలు వేస్తున్నంతసేపూ, కోత పడుతున్నంతసేపూ వాడి తల దగ్గర నిలబడి, గడ్డం పట్టుకుని, ఊపిరి చేతికి తగులుతుంటే లోలోపల లెక్కపెట్టుకుంటూ ఉంది. పార్థసారథిగారు రాయి తీసి పళ్ళెంలో వేశారు. రేగిపండంత ఉంది. బయట ఆడవాళ్ళు అది పడిన చప్పుడు కూడా వినలేదు. నేలమీద కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉన్నారు.

వాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చినప్పుడు చిన్నమ్మలు వాడి పొట్ట మీది కట్టు చూడలేదు, సీసాలో వేసిచ్చిన రాయి చూడలేదు. అరచెయ్యి చాపింది. కనకరత్నం చెయ్యి తీసిన చోటికి ఆ చెయ్యి వచ్చింది. "ఆడతంది," అంది చిన్నమ్మలు పైకి, సందంతటికీ. నూకమ్మ వచ్చి తన చెయ్యి కూడా పెట్టి చూసుకుంది. ఆ తరువాత ఒకరి వెనక ఒకరు అందరూ పెట్టి చూసుకున్నారు. వార్డులో గుంపు కనబడితే కసిరి కొట్టే కనకరత్నం ఆ రోజు గోడ పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తుడుచుకోలేదు. దాచుకోవలసిందేమీ లేదనుకుంది. ఇంత గొప్పగా ఆవిడకి ఎప్పుడూ అనిపించలేదు.

పొద్దువాలే వేళకి అప్పలకొండకి పూర్తిగా మెలకువ వచ్చింది. చెప్పినట్టే నొప్పి వచ్చింది. వాడు ఏడుపు అందుకున్నాడు. గట్టి గొంతు, వార్డు దాటి వసారా దాటి సైకిల్ స్టాండు దాకా వినబడే ఏడుపు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నూకమ్మ చేతులెత్తి దండం పెట్టింది. చిన్నమ్మలు కాసేపు విన్నది. ఇంకాసేపు విన్నది. తరువాత లేచి పరుగున నర్సుల గది దగ్గరికి వచ్చింది.

"సిస్టరమ్మా, మా గుంటడు ఏడస్తన్నాడు. ఆ ఏడుపు నాను ఇనలేకపోతన్నాను. ఏదో ఒక మందియ్యమ్మా, నీ కాళ్ళట్టుకుంటాను. కుసింత నిద్దరోతాడు."

కనకరత్నం నొప్పికి ఇవ్వవలసిన సూది అప్పటికే సిద్ధం చేసుకుంది. ట్రే అందుకుంటూ, అక్కడే కూర్చుని కేసు రాసుకుంటున్న పార్థసారథిగారి వైపు తిరిగింది.

"విన్నారా సార్? క్యాంప్ 1 వాళ్ళు పిల్లాడికి నిద్రమందు కావాలంటున్నారు."

పార్థసారథిగారు తల ఎత్తకుండా, "ఇవ్వండి మరి, అడుగుతున్నారుగా," అన్నారు.